నవ్వుతోందని రాసుకున్నాను

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కిందటి వేసవిలో బాపట్లలో మా పక్కింటి మామ్మగారు రేపల్లెలో ఉన్న కూతురి దగ్గరికి వెళుతూ, తన పిల్లి బుజ్జిని నాలుగు రోజులు చూసుకోమని నాకు అప్పగించారు. మర్నాటి నుంచే అది కూర్చున్నచోట నోరు తెరిచి, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. ఎండకేమో అనుకున్నాను. "బుజ్జి నవ్వుతోంది" అని డైరీలో రాసి, వాక్యం బాగుందని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. మూడో రోజు అనుమానం వచ్చినా, పశువుల డాక్టరుకు ఫోన్ చేయడానికి బిడియపడ్డాను.

నాలుగో రోజు మామ్మగారు వచ్చి, దాన్ని చూడగానే ఆటో పిలిచారు.

"ఊరికే కూర్చున్న పిల్లి కుక్కలా రొప్పదమ్మా. ఊపిరందకే నోరు తెరుస్తోంది. ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని డాక్టరుగారు అడిగారు.

"ఈ పొద్దున్నుంచేనండి" అన్నాను. మామ్మగారు పక్కనే ఉన్నారు.

ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందట. అది తీసేలోపే బుజ్జి పోయింది.

నా వాక్యం అందం చూసుకున్నాను గానీ, దాని బాధ చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఏడుస్తుంటే మామ్మగారు నా తల నిమిరారు.

"ఊరుకో తల్లీ. పొద్దున మొదలైందానికి నువ్వు మాత్రం ఏం చేస్తావు?"