మా అత్త కాలిలో కొత్త నాళం

పోయిన మంగళవారం మా మేనత్త కన్నుమూసింది. విశాఖ ఆసుపత్రి నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను గజపతినగరం బడిలో పాఠం చెబుతున్నాను. "అమ్మ పోయిందే" అన్నాడు.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. భోగాపురం దగ్గరి మా వాడ నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ నడిచేది. పళ్లు లేని ముసలమ్మలకు మెత్తటి చేపలు విడిగా దాచి ఉంచేది. ఒక్కటే దురలవాటు, అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది.

ఎనిమిదేళ్ల కిందట నడుస్తుంటే పిక్క పట్టేయడం మొదలైంది. తర్వాత కాలివేలు నల్లబడింది. తొడలో రక్తనాళం పూడిపోయిందనీ, చుట్టే దానికి కారణమనీ డాక్టరు చెప్పాడు. రక్తానికి పక్కదారి వేయడానికి ఆమె సిరలు పనికిరావు కనుక ప్లాస్టిక్ లాంటి గొట్టం వేస్తామన్నాడు.

"అది నాదెప్పుడవుతాది బాబూ?" అని అడిగింది అత్త.

డాక్టరు నవ్వలేదు. "రెండు కొసల నుంచీ మీ ఒంటి కణాలు లోపలికి పాకి, పల్చటి పొరలా పరుచుకుంటాయమ్మా. అవి ఉన్నచోట రక్తం గడ్డకట్టకుండా పారుతుంది. కానీ కొసలు దాటి ఎక్కువ దూరం పోలేవు. నడిమి భాగం ఎప్పటికీ అలాగే ఉండిపోవచ్చు. అందుకే మాత్ర మానకూడదు, పొగ ముట్టకూడదు."

అత్త బొడ్లోంచి చుట్టల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. "పరాయిది నాకోసం ఒంట్లోకొస్తన్నాది. దానికి నా పొగెందుకే?"

మళ్లీ ముట్టలేదు. ఆపరేషనైన కొన్ని నెలలకే మళ్లీ తట్ట ఎత్తింది. ఎవరైనా అడిగితే తొడ మీద చెయ్యేసి, "రెండు కొసలూ నాయే, నడుమే దానిది" అని చెప్పేది. ప్రతి ఆదివారం వెళ్లి ఆమె పాదం మీద వేళ్లు పెట్టి నాడి చూసేదాన్ని. "ఏటే గుంటా, కొట్టుకుంతన్నాదా?" అని నవ్వేది.

ఆ చివరి ఆదివారం మాత్రం వెళ్లలేదు. దిద్దాల్సిన పరీక్ష పేపర్లున్నాయని ఫోన్ చేశాను.

"నాకేటి, బాగానే ఉన్నాను. నీ పని సూసుకో" అంది.

అప్పటికే పాదం చల్లబడిందట. బావకు కూడా మర్నాటి సాయంత్రం వరకూ చెప్పలేదు. చెప్పాక, "దానికి సెప్పకురా, పరిగెత్తుకొస్తాది" అందట. మాత్ర ఒక్కపూట మానకపోయినా గొట్టంలో రక్తం గడ్డకట్టింది. గడ్డ తీశారు గానీ గుండె తట్టుకోలేదు. ఆ గొట్టం ఇన్నేళ్లు నడిచిందంటే అదే గొప్ప అన్నారు డాక్టర్లు. నాకు మాత్రం ఆ ఒక్క ఆదివారమే కనిపిస్తోంది.

బుధవారం ఉదయం అంబులెన్సు వాడలోకి వచ్చేసరికి ఆడవాళ్లంతా పడవల దగ్గర నుంచి తట్టలతోనే వచ్చేశారు. వీధి పొడవునా తట్టలు దించి లోపలికి వెళ్లారు. ఎండెక్కింది. చేపల మీది ఐసు కరిగి ఇసకలోకి ఇంకిపోతోంది. ఆ పూట ఒక్కరూ తట్ట ఎత్తలేదు.