గాజులెక్కని చేతులు

నిజామాబాద్‌లో మా ఇంటి ముందు గదిలోనే నేను చీరెలు అమ్ముతాను. ఇప్పుడు బేరమంతా ఫోనులోనే. నేను చీరె పరిచి, అంచు తిప్పి చూపిస్తుంటే మా కోడలు వీడియో తీస్తుంది. అందులో నా ముఖం పడదు, చేతులే పడతాయి. ఒకరోజు ఎవరో మహాతల్లి వీడియో కింద రాసింది: "చీరె బాగుంది. ఆ ముసలామెను కొంచెం పక్కకు జరగమనండి."

ముసలామె! ముఖానికి క్రీము, జుట్టుకు రంగు, అన్నీ వేళకు జరుగుతున్నాయి నాకు. చేతుల సంగతే ఎన్నడూ తలచుకోలేదు. వెలుతురులో పెట్టి చూసుకుంటే నరాలు పైకి తేలి, చర్మం వడిలిన వంకాయలా ఉంది. ఒళ్లు మండిపోయింది. మరుసటి వారమే చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

చేతి వెనక, నరాల మధ్య పల్లపు చోట్లలో జెల్ లాంటి మందు సూదితో ఎక్కిస్తారు. ఫిల్లర్ అంటారట. కొంతకాలం ఉండి మెల్లగా కరిగిపోతుందట. "కొన్నాళ్లు వాపుంటుంది. చేతులు గట్టిగా పిసకనివ్వకండి," అంది డాక్టరమ్మ. నా చేతులు పిసికే తీరిక ఎవరికుందని నవ్వాను. మా ఆయన పక్కనే ఉన్న రిమోటు అందివ్వడానికే బద్ధకిస్తాడు.

సూదులు వేయించుకునేటప్పుడు, బోధన్‌లో మా అక్క కూతురి పెళ్లి దగ్గర పడిందని గుర్తుంది. పెళ్లికి ముందు ఆడవాళ్లందరం గాజులు తొడిగించుకుంటామనే గుర్తు లేదు.

అక్కింట్లో చాప మీద వరుసగా కూర్చున్నాం. గాజులామె తట్ట దించింది. సూదుల సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెబితే పెళ్లయ్యేదాకా అందరికీ నేనే కాలక్షేపం. పోనీ గాజులు వద్దందామంటే, పెళ్లింట్లో ఆ మాట అనకూడదు. ఏదైతే అదయిందని చెయ్యి చాపాను. ఆమె సబ్బునీళ్లు రాసి, వేళ్లన్నీ దగ్గరికి నొక్కి, ఎప్పుడూ నాకు పట్టే సైజు గాజు తోసింది. సగంలో ఆగింది. ఇంకాస్త పిసికింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, నీ చేతులు వాసినయి. గాజులు ఎక్కుతలేవు."

నవ్వులన్నీ ఆగిపోయాయి. పసుపు కలుపుతున్న మా అక్క అట్లాగే లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. మమ్మల్ని కన్న అవ్వకు కిడ్నీలు చెడినప్పుడు ముందుగా కనపడింది చేతుల వాపే. చకచకా బీడీలు చుట్టే మనిషి, ఆకు వేళ్లకు చిక్కడం లేదని చాటను పక్కకు పెట్టేసింది. ఆ తర్వాత మాకు ఎన్నాళ్లో దక్కలేదు.

"ఎప్పటిసంది వాసినయే? దవాఖానకు పోయినవా?"

"ఏం కాలేదక్కా."

"అవ్వ గూడ గట్లనే అన్నది. ఆటో పిలువుండ్రి! పెండ్లి పనులు తర్వాత సూద్దాం."

ఇక దాచడం నా వల్ల కాలేదు.

"సూదులు ఏపిచ్చుకున్ననక్కా. చేతులు పడుచుగ కానీకి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అయ్యాక గాజులామె ముందు నవ్వింది, ఆమె వెనక చాపంతా నవ్వింది. "మోకాళ్లకు గూడ ఏస్తరా?" అని మా అక్క ఆడబిడ్డ నిజంగానే అడిగింది. అక్క మాత్రం నవ్వలేదు. నా వీపు మీద ఒక్కటి చరిచింది. జాకెట్టంతా పసుపు. తర్వాత నా పక్కనే కూలబడి, నా చెయ్యిని ఒళ్లో పెట్టుకుంది.

"అవ్వ చేతులకు ముడుతలు పడనే లేదే. గంతల్నే పోయింది. నువ్వన్న ముసల్దానివి గావాలెనే. నేను సూడాలె."

గాజులామె తట్టలోంచి పెద్ద సైజు గాజులు తీసింది. అక్క ఆమెను ఆగమని, వాటిని అందుకుని, ఒక్కొక్కటే తానే నా చేతికి మెల్లగా తొడిగింది.