ఎనభై డిగ్రీల అబద్ధం

నేను కొన్నాళ్లు అద్దెకున్న వీధి చివర ఒక షెడ్డు, అందులో ఒక మహానుభావుడు ఉండేవాడు. అందరూ ప్రొఫెసర్ అనేవారు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడని నా అనుమానం. ఇంజన్ మార్చిన బండ్లలో కంప్యూటర్‌కు లెక్కలు సరిచేయడం, అంటే ఎప్పుడెంత పెట్రోలు చిమ్మాలో దానికి నేర్పడం, ఆయనగారి వృత్తి. చేతికి మసి అంటితే పరువు తక్కువ. ఒళ్లో లాప్‌టాప్, తెర మీద రంగుల గళ్లు, "ఇదంతా మీకు అర్థం కాదులెండి" అన్న మాట. దుకాణం అంతా అదే.

రేవుల్లో ఓడ ఇంజన్ల దగ్గర పనిచేసే ముసలివాళ్లను చూశాను. కర్ర ఒక కొసను ఇంజన్‌కు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి, లోపల ఏది అరిగిందో చెప్పేవారు. వాళ్లలో ఒక్కడి నోటా 'మీకు అర్థం కాదు' అన్న మాట వినలేదు. సరే, మన ప్రొఫెసర్ సంగతికొద్దాం.

అతనికో అక్క. తెల్లవారకముందే బేకరీ నుంచి దుకాణాలకు తన పాత వ్యానులో బ్రెడ్డు చేరవేసేది. భర్త పోయాక ఇల్లు నిలబడింది ఆ రూటు మీదే. దాని పాతకాలపు కార్బ్యురేటర్ ఇంజన్ చచ్చిపోతే తమ్ముడు కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే ఇంజెక్షన్ ఇంజన్ ఎక్కించి, మిట్టమధ్యాహ్నం వీధంతా తిప్పి కాలరెగరేశాడు. మర్నాడు తెల్లవారుజామున వ్యాను లేవలేదు. ఆ మర్నాడూ అంతే. శనివారం కూడా బండి రాకపోతే రూటు ఇంకొకరికిస్తానని బేకరీ మేనేజరు తేల్చేశాడు.

ప్రొఫెసర్ పదకొండింటికి తీరిగ్గా వచ్చేవాడు. అప్పటికి ఎండకు కాగిన బండి దగ్గుతూ లేచేది.

"చూశావా? బండి బానే ఉంది. నీకే సెల్ఫ్ కొట్టడం రావట్లేదక్కా."

ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్న మనిషితో అంటున్నాడీ మాట!

గురువారం తెల్లవారుజామున ఐదింటికి అక్క అతని తలుపు బాది, కప్పుకున్న దుప్పటితో సహా లాక్కొచ్చింది.

"తగిలించు నీ లాప్‌టాప్. ఇంజన్ వేడి ఎంతంటోంది?"

"ఎనభై."

ఆమె అతని అరచెయ్యి పట్టుకుని ఇంజన్ మీద అదిమింది. మంచుగడ్డలా ఉంది.

"కాలిందా నాయనా? మందు రాయనా?"

నీళ్లు నములుతూ అసలు సంగతి బయటపెట్టాడు. ఇంజన్ బిగించేటప్పుడు వేడి కొలిచే సెన్సర్ వైరు తెగింది. హెచ్చరిక లైటు వెలిగింది. వైరు వెతకడానికి బద్ధకించి, ఎప్పుడూ ఎనభై అనుకోమని కంప్యూటర్‌కు చెప్పి లైటు ఆర్పేశాడు. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి. ఇది ఎప్పుడూ వేడిగానే ఉందని నమ్మిన కంప్యూటర్ ఎందుకు పోస్తుంది?

"అది నీకు అర్థం కాదు గానీ..."

"బాగా అర్థమైంది. జ్వరం చూడకుండానే రోగి బాగున్నాడని రాసేశావు. వంగు. వైరు వెతుకు."

వంగాడు. మోచేతుల దాకా మసి అయ్యాక వైరు దొరికింది. అతికాడు. అంతటితో అయిపోలేదు. చల్లటి ఇంజన్ లెక్క సరిచూసుకునే వీలు రోజుకు ఒక్కసారే. ఒకసారి లేస్తే వేడెక్కిపోతుంది, మళ్లీ రాత్రంతా చల్లారాల్సిందే. శుక్రవారం లేచింది, రెండు నిమిషాలకే ఆగింది. పెట్రోలు అంకెలు పెంచాడు. మిగిలింది ఒక్క పొద్దు.

శనివారం రెండో సెల్ఫ్‌కు లేచింది. వణికింది. ఆగకుండా నిలదొక్కుకుంది. వెంటనే పక్క సీట్లోంచి ఉపన్యాసం మొదలైంది.

"ఇందులో కిటుకేంటంటే అక్కా..."

"దిగు."

"లాప్‌టాప్ కేబుల్ తియ్యనీ, ఇంకా కొంచెం..."

"దిగరా! నా బ్రెడ్డుకు వేళైంది."

కాలు నేలకు తగిలిందో లేదో, వ్యాను కదిలింది. కేబుల్ ఊడి తలుపు సందులోంచి తోకలా వేలాడుతూ వెళ్లింది. ఆరింటికల్లా వీధి మూల దుకాణంలో బ్రెడ్డు దిగింది.

వారం తిరిగేసరికి షెడ్డు మీద కొత్త బోర్డు: 'చల్లటి ఇంజన్ల నిపుణుడు'. చేతులు మళ్లీ తెల్లగా మెరుస్తున్నాయి.