మావోడి బూట్ల పాలిష్ వాసన

పొద్దున్న మావోడి, అదే మా అబ్బాయి, ట్రంకుపెట్టె తెరిస్తే నల్ల పాలిష్ వాసన గుప్పుమంది. మన రైల్వే క్వార్టర్స్ ఆడోళ్ళకి గుర్తుందా, ఆ గుండ్రటి డబ్బా మూతలకి తాడు కట్టి పిల్లలు తక్కెడ చేసుకుని ఇసక తూచేవారు? మావోడైతే వాళ్ళ నాన్న డ్యూటీ బూట్లు మెరిసేదాకా ఆటకి వెళ్ళేవాడు కాదు.

మిలిటరీలో ఫౌజీగా చేసి రిటైరయ్యాక ఇక్కడికి దగ్గర్లోని ఆరంగ్ ఊరి పక్కన పొలం కొని, పెళ్ళాం పిల్లతో అక్కడే వ్యవసాయం చేసుకున్నాడు. ఓసారి నాట్లేసి అటునుంచటే మన తెలుగు సంఘం మీటింగుకొస్తే ప్రెసిడెంటు బాబు ఏమన్నాడో మీరూ విన్నారు.

"ఏం ఫౌజీ, బురద కాళ్ళతో హాల్లోకా? బయట కూర్చో."

చొక్కా ఇస్త్రీ నలిగితే ప్రాణం పోయే మనిషి ఆయన! మావోడు నవ్వేసి మెట్ల మీద కూర్చున్నాడు.

వాడు పోయి నెలైంది. నిన్న అదే పెద్దమనిషి పూలదండ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అమ్మా, మీవాడి బూట్లివ్వండి. హాల్లో అద్దాల బీరువాలో పెడతాం. మన సంఘానికే గౌరవం."

"ఆ కాళ్ళనే గడప దాటనివ్వలేదు కదా బాబూ, ఇప్పుడు బూట్లెందుకు లోపలికి?" అన్నాను.

లోపలికి రమ్మనలేదు. దండ మెట్ల మీద పెట్టి పొమ్మన్నాను.