ఐదున్నర కాని సాయంత్రం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే కనీసం జుట్టయినా నెరిసి ఉండాలని మా అమ్మ అంటుంది. నాకింకా ఆ అర్హత పూర్తిగా రాలేదు (చెవుల పక్కన ఒకటీ అరా ఉన్నాయి గానీ వాటిని నేను గుర్తించడం లేదు). అయినా ఆ రోజుల్లో అనే అంటాను. అప్పటి నన్ను తలుచుకుంటే, ఎప్పుడో పెళ్లిలో చూసిన దూరపు చుట్టాన్ని తలుచుకున్నట్టుంటుంది మరి. అప్పుడే ఉద్యోగంలో చేరాను. రాని పార్సిళ్ల గురించి జనం ఫోన్లో పెట్టే చీవాట్లు రోజంతా విని, చివర్లో "మీకు ఇంకేమైనా సహాయం కావాలా అండీ" అని అడగడం నా ఉద్యోగం. రాంగోపాల్‌పేటలో ఇంటికి చేరేసరికి, నోరు లేని వస్తువేదైనా పట్టుకుని కూర్చోవాలనిపించేది. అలాంటప్పుడు కొందరు కుండీల్లో మొక్కలు పెంచుతారు, కొందరు ఊలు అల్లుతారు. నేను గడియారాలు తయారు చెయ్యడానికి పూనుకున్నాను.

తయారు చెయ్యడమంటే పళ్లచక్రాలు కోసి చెయ్యడం కాదు, కంగారు పడకండి. లోపల తిరిగే యంత్రం తయారుగానే దొరుకుతుంది. డబ్బా, డయలు, ముళ్లు, అద్దం చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో విడివిడిగా వస్తాయి. డయలు బిగించి, దాని మీద ముళ్లు గుచ్చి, డబ్బాలో పెట్టి మూత తిప్పాలి. వీడియోలో ఒకాయన టీ చల్లారేలోపు చేసేశాడు. నాకు వేసవి మొత్తం పట్టింది. పైగా నేను ఎంచుకున్నది మామూలు గడియారం కాదు, సముద్రంలో మునిగేవాళ్లు కట్టుకునే రకం, అందులోనూ పాతకాలం వాటిలా కనిపించేది. లావుపాటి స్టీలు డబ్బా, ఉబ్బెత్తు అద్దం, చుట్టూ తిరిగే నల్ల రింగు, చీకట్లో వెలిగే చుక్కలు. సికింద్రాబాదులో సముద్రం లేదన్న సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో అన్నిటికన్నా లోతైన నీళ్లు బాత్రూములోని నీలం డ్రమ్ములోవి.

మునిగే గడియారమే ఎందుకంటే, దానికి కారణం మా నాన్న. మా వాళ్లది భీమిలి దగ్గర. ఉద్యోగం కోసం నాన్న పెళ్లికి ముందే ఇక్కడికి వచ్చేశారు. ఆయన మాటలు ఎంత పొదుపంటే, ఫోను మోగితే "చెప్పండి" అంటారు, పెట్టేసేటప్పుడు "సరే" అంటారు, మధ్యలో అవతలివాళ్లు ఒక్కరే మాట్లాడుకుంటారు. అలాంటి మనిషి ఒకసారి టీవీలో సముద్రం కనిపిస్తే, "మా చిన్నప్పుడు ఓడలో పనిచేసే ఒకాయన గడియారంతోనే సముద్రంలో దూకీవోడు. పైకొచ్చాక అది నడస్తానే ఉండీది" అన్నారు. వరసగా రెండు వాక్యాలు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ వేసవి చివర నాన్న రిటైరవుతున్నారు. అలాంటి గడియారం నా చేతుల్తో చేసి ఆయన చేతికి కట్టాలని నిశ్చయించుకున్నాను. మనసులో నిశ్చయించుకుని ఊరుకుంటే బాగుండేది. చుట్టాలందరికీ చెప్పాను, అందరూ నవ్వారు.

ఇక మా ఇంట్లో జరిగిన తతంగం ఏం చెప్పమంటారు. దుమ్ము పడకూడదని పంకా ఆపేసేదాన్ని. ఆ ఎండల్లో అమ్మ చెంగుతో విసురుకుంటూ, "గడియారం బతుకుతాది గానీ మేం బతుకుతామేటే" అనేది. పట్టకారులోంచి మరలు మిడతల్లా ఎగిరేవి. ఒకటి ఎగిరితే ఇంట్లో ఎవరూ కదలకూడదు, ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి చూపుల్తో వెతకాలి. ఒకసారి నాన్న స్నానానికి వెళ్తూ తువ్వాలుతో గుమ్మంలో అలాగే ఆగిపోయారు, పాపం. డయలు మీది తెల్ల చుక్కలు మరీ కొత్తగా మెరుస్తున్నాయని, పాతబడినట్టు కనిపించాలని, కాఫీ డికాక్షన్‌లో సన్నటి కుంచె ముంచి రంగు వేశాను. పొద్దున్న కాఫీ పల్చగా వచ్చిందేమిటని అమ్మ పాలవాణ్ణి నిలదీసింది. పాలవాడు మంచివాడు కాబట్టి మర్నాడు కాస్త ఎక్కువే పోశాడు.

పట్టీ కోసం రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణానికి వెళ్తే, ఆ షాపాయన నా గడియారాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎన్నేండ్ల కిందిదమ్మా ఇది, మీ తాతదా?" అన్నాడు. లేదండీ, పోయిన వారమే చేశాను, కావాలనే పాతగా చేశాను అన్నాను గర్వంగా. ఆయన గడియారాన్ని కింద పెట్టేశాడు. "అందరు పాతది కొత్తగ చెయ్యుమని నా తాన్కి వస్తరు. నువ్వేందమ్మా గిట్ల ఉల్టా చేస్తున్నవ్? ఇంట్ల ఏమన్న పరేషానా?" అని అడిగి, జాలిపడి మంచి తోలు పట్టీ వెతికిచ్చాడు.

గడియారం పూర్తయిందని తెలిసిన మర్నాడే ఏ.ఎస్. రావు నగర్ నుంచి మామయ్య దిగాడు. అమ్మ తమ్ముడు, అమ్మ వచ్చిన చాలా ఏళ్లకి ఈ ఊరొచ్చినవాడు. అక్కడి ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి పనిచేసి, ఇప్పుడు దేన్నయినా తనిఖీ చెయ్యకుండా వదలలేడు. ఉప్మా పెడితే చెంచాతో నాలుగు చోట్ల నమూనా తీసి, "ఓకే" అన్నాకే తింటాడు. మేమందరం ఆయన్ని ఓకే మామయ్య అంటాం. గడియారాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, "నీళ్లలో దిగే గడియారమని అన్నావు గదా. దింపీసి చూడాల" అన్నాడు. ఆయన తోలు పట్టీ విప్పేసి దాన్ని నీలం డ్రమ్ములో వేసి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. బయటికి తీశాక అద్దం లోపల ఆవిరి చుక్క లేదు, సెకన్ల ముల్లు హాయిగా తిరుగుతోంది. "ఓకే" అన్నాడు మామయ్య, ఫ్యాక్టరీలో రాకెట్టు విడిభాగాన్ని పాస్ చేసినంత గంభీరంగా. ఆ రోజు నేను పడిన సంతోషం నా మొదటి జీతం నాడు కూడా పడలేదు. అంతమంది నవ్విన చోట ఆయనొక్కడు నా గడియారాన్ని పరీక్షకు తగిన వస్తువుగా చూశాడు. అందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. (గడియారాన్ని ఊపి చూడాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. అది వేరే సంగతి.)

రిటైర్మెంటు రోజు పొద్దున్న నాన్న చేతికి కట్టాను. ఆయన చెయ్యి చాచి కాసేపు చూసుకున్నారు. రింగుని ఒక గడి తిప్పి, "బరువుగా ఉంది" అన్నారు. మెచ్చుకోలో కాదో తెలియక అమ్మ వైపు చూస్తే, "బాగుందని" అని అమ్మ తర్జుమా చేసింది.

ఆఫీసులో నాన్నకి ఒక పేరుండేది, ఐదున్నర సారు. ఐదున్నర కొట్టగానే కలం మూత పెట్టి లేచేవారట. పై అధికారి ఎదుట ఉన్నా సరే, పుట్టినరోజు కేకు సగం కోసి ఉన్నా సరే. ఆ హాలుకి అమ్మా నేనూ వెళ్లేసరికి పూలదండలు, వరసగా కుర్చీలు, వెనక బల్ల మీద వేడి వేడి సమోసాలు. జనం ఒక్కొక్కరే వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. ఆ ఊపుడు మామూలు ఊపుడు కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వాళ్లతో కూర్చుని కబుర్లు చెప్పని మనిషి మీద ప్రేమంతా ఆ చేతిలోనే చూపించాలన్నట్టు ఊపారు. డ్రైవరుగారైతే బోరింగు కొట్టినట్టు కొట్టారు. గడియారం ఉన్న చెయ్యే దొరికింది అందరికీ, నాన్న ఎడమచేతివాటం కాబట్టి గడియారం కుడిచేతికే కడతారు. నాకు ఏ అనుమానమూ రాలేదు. అందరూ నా గడియారం చూస్తున్నారని మురిసిపోతున్నాను.

వాళ్ల ఆఫీసరమ్మ మైకు పట్టుకుని, "సార్ ఇప్పుడు రెండు ముచ్చట్లు చెప్తరు. టెన్షన్ పడకుండ్రి, మన సార్ ఐదున్నర దాటనియ్యరు" అంది. అందరూ నవ్వారు. ఐదున్నరకి కాస్త ముందే నాన్న లేచారు. చేతి గడియారం చూసుకున్నారు. నమస్కారం, అందరికీ కృతజ్ఞతలు అన్నారు. మళ్లీ గడియారం చూసుకున్నారు. ఇంకా టైముంది కాబోలు, గొంతు సవరించుకున్నారు.

"నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు ఇక్కడి మాట తెలిసేది కాదు" అని మొదలుపెట్టారు. "మా పెద్దసారు ఒకరోజు 'ఆ ఫైలు సుత తీస్కరా' అన్నారు. సుత అంటే ఇక్కడ 'కూడా' అని నాకేం తెలుసు, నేను చదివిన పుస్తకాల్లో సుత అంటే కూతురు. ఎవరి కూతురి ఫైలు సార్ అని అడిగాను. నేను వేళాకోళమాడుతున్నానని ఆయనకి కోపమొచ్చి, 'ఏందయ్యా, మస్కిరీలా?' అన్నారు. రికార్డు రూములో మధ్యాహ్నం దాకా కూతుళ్ల ఫైళ్లు వెతికాను." హాలు గొల్లుమంది. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. నాన్న నవ్వారు, గడియారం చూసుకున్నారు, ఇంకా కొనసాగించారు. తన భోజనం డబ్బాలోంచి సగం పెట్టి, ఆకు మీద అన్నంతో పాటు 'జెర', 'తక్లీఫ్', 'షురూ' లాంటి ఇక్కడి మాటలు కూడా వడ్డించిన పెద్ద అటెండరు గురించి చెప్పారు. ఆయన ఇప్పుడు లేరన్నారు. వర్షంలో ఫైళ్లు తడవకుండా తన చీర కొంగు కప్పిన స్వీపరమ్మ గురించి చెప్పారు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది, కళ్లు తుడుచుకుంది. సమోసాలు చల్లారిపోయాయి. గోడ గడియారం నాన్న వెనకవైపు ఉంది. అది ఆరు దాటింది, ఆ తర్వాత చాలా దూరం పోయింది. బస్సులకి వెళ్లాల్సినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు గానీ లేవలేదు. నాకు మాత్రం అర్థమైపోయింది. నేను ముందు వరసలోనే ఉన్నాను కాబట్టి ఆయన చెయ్యి ఎత్తినప్పుడల్లా కనిపిస్తోంది. సెకన్ల ముల్లు గిరగిరా తిరుగుతోంది, నిమిషాల ముల్లు మాత్రం వదులై గంటల ముల్లు మీదకి ఒరిగి, దానికి చిక్కుకుని, రెండూ ఐదున్నరకి ముందే ఆగి కూర్చున్నాయి. నేను సరిగా నొక్కని ముల్లు. నాన్న గడియారంలో ఐదున్నర ఇక కాదు.

లేచి చెప్దామని కుర్చీ అంచుకి జరిగాను. అంతలో నాన్న అన్నారు, "అందరూ నన్ను ఐదున్నర సారు అంటారని నాకు తెలుసు. రూల్సు మనిషినని అనుకుంటారు. రూల్సు కాదు." ఒకసారి అమ్మ వైపు చూశారు. "ఆవిడ పెళ్లై ఈ ఊరొచ్చినప్పుడు ఇక్కడ ఒక్క మనిషి తెలీదు. మాట తెలీదు. పొద్దున్న నేను తలుపేసి వస్తే, సాయంత్రం తీసేదాకా ఎవరితోనూ మాట్లాడ్డానికి లేదు. కిటికీ దగ్గర నిలబడి ఉండీది. నేను ఒకరోజు ఆలస్యంగా వెళ్లాను. ఏమీ అనలేదు, అన్నం పెట్టింది. కానీ ఆ మొహం చూశాక మరి ఆలస్యం చెయ్యలేదు. తర్వాత్తర్వాత ఆవిడకి ఊరంతా స్నేహితులే, నేను వెళ్లేసరికి ఇంట్లో ఉండీదే కాదు. అయినా అలవాటైపోయింది." హాల్లో అందరూ నవ్వారు. నాన్న గడియారం చూసుకుని, "ఇంకా ఐదున్నర కాలేదు గానీ, చాలు" అని కూర్చున్నారు. అప్పుడు కొట్టిన చప్పట్లు చాలాసేపు ఆగలేదు. డ్రైవరుగారు నా పక్కకి వంగి, "నౌకరీ మొత్తంల మాట్లాడంది సార్ ఇయ్యాల మాట్లాడిండమ్మా" అన్నారు.

ఇంటికి ఆటోలో వెళ్తుంటే దారంతా వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. నాన్న బయటికి చూశారు, చేతికి చూసుకున్నారు, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. నేను ఏడుపు గొంతుతో జరిగింది చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "అయితే ఎంతసేపు మాట్లాడీసాను? పాపం అందర్నీ కూర్చోబెట్టీసాను." ఆ మాటకి అమ్మ దండలు ఒళ్లో సర్దుకుంటూ, "ఎక్కువేం కాదు. సరిపోయింది" అంది. నేనది ఓదార్పు మాటే అనుకున్నాను. ఆటో మూలకి ఒదిగి, ముక్కు ఎగబీలుస్తూ, ఇక జన్మలో పట్టకారు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే నాన్న గడియారం తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "విప్పు. నేనూ చూస్తాను" అన్నారు. పంకా ఆయనే ఆపారు.

ఆ తర్వాత చాలా గడియారాలే చేశాను. ఇప్పుడు నా ముళ్లు ఊడవు, నా చుక్కలకి డికాక్షన్ అక్కర్లేదు, మామయ్య ఊపి మరీ ఓకే అంటాడు. కానీ అప్పుడప్పుడు ఆ ఆటోలో మూల కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. నాన్న పండగ పాడుచేశానని, ఆగిన ముల్లు వంకే చూస్తూ ఏడ్చింది. వెళ్లి దాని పక్కన కూర్చుని, గడియారం సంగతి తర్వాత చూద్దువు గానీ, తలెత్తి ఒకసారి మీ అమ్మ మొహం చూడవే పిచ్చిదానా, అని చెప్పాలనిపిస్తుంది.