పడవింటి అడుగున

మా వీధిలో ఎవరికైనా దెయ్యం పట్టిందంటే నన్ను పిలుస్తారు. మంత్రం వేయడానికి కాదు, తిట్టడానికి. నాలుగు తిట్లు తిట్టి, కడుపునిండా గంజి తాగించి పడుకోబెడితే వదలని దెయ్యాన్ని ఈ డెబ్బై ఏళ్ళలో నేను చూడలేదు. నేను చదివింది మూడో తరగతే. అయినా కంటితో చూడనిదాన్నీ చేత్తో పట్టుకోనిదాన్నీ నమ్మే అలవాటు నాకు లేదు. ఇది చేత్తో పట్టుకున్న సంగతి కాబట్టే రాస్తున్నాను.

నా మనవరాలు పైడితల్లి మొగుడు అప్పలరాజు వెల్డింగు పని చేస్తాడు. విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే చోట కొన్నేళ్ళు చేశాడు. ఇప్పుడు మా తీరం పొడుగునా మరబోట్లకి అతుకులు వేస్తూ తిరుగుతాడు. పని ఎక్కడుంటే అక్కడ అద్దె ఇల్లు. ఏడాదికి రెండుసార్లు సామాను మూటకట్టడం, విప్పడం. కిందటి వేసవిలో ఒక బార్జీని, అంటే రాళ్ళు మోసే బల్లపరుపు ఇనుప పడవని, పాతసామాను కింద అమ్మేస్తుంటే కొనేశాడు. కళింగపట్నం దగ్గర వంశధార ఒడ్డున దాన్ని కట్టి, నన్ను తీసుకెళ్ళి చూపించాడు.

ఇల్లు తూకానికి కొన్నవాణ్ణి నేనెక్కడా చూడలేదన్నాను.

"పని ఎక్కడుంటే ఇల్లు అక్కడికే వస్తాది అమ్మమ్మా. నీ మనవరాలు ఇంక మూటలు కట్టక్కర్లేదు" అన్నాడు.

పైడి అప్పటికి నిండుచూలాలు. తల్లి లేని పిల్ల కాబట్టి పురిటికి నా దగ్గరే ఉంది. బిడ్డ పుట్టి కాస్త మెడ నిలబెట్టేసరికి పడవని ఇల్లుగా చేసెయ్యాలని వాడి పట్టుదల. డబ్బు తగలేయకుండా చూడాలని నాది.

లోపలికి దిగితే అదొక పెద్ద ఇనుప డబ్బా. గోడలకి రెండు మూరలకొకటి చొప్పున పక్కటెముకల్లా ఇనుప కమ్మీలు. మధ్యాహ్నం ఆ గోడమీద అట్టు పోసుకోవచ్చు. తెల్లారేసరికి అదే గోడ చెమటపట్టి చుక్కలు కార్చేది. అప్పలరాజు గ్యాసుతో ఇనుము కోసి కిటికీలు పెట్టాడు. వేడి ఆగడానికి కమ్మీల మధ్య థర్మాకోలు కావాలన్నాడు. కొత్తది కొనడమెందుకని, చేపల వేలం దగ్గర పారేసిన పెట్టెలు ఏరించి, సబ్బునీళ్ళతో కడిగి, బిళ్ళలుగా కోసి ఇచ్చాను. పైన ప్లైవుడ్ కొట్టాడు. నెలరోజులు ఇల్లంతా వంజరం చేప వాసన. వాడు పల్లెత్తు మాట అనలేదు. మంచి పిల్లాడు.

తలుపులు నరసన్నపేటలో పడగొట్టిన ఇంటివి. వంటగట్టు ఎడమపక్కన కట్టాక పడవ అటు ఒరిగింది. పళ్ళెంలో నీళ్ళు పోస్తే ఒక మూలకే చేరేవి. బరువుకి ఇనుప దిమ్మలు కొంటానన్నాడు. నా రుబ్బురోలూ, తిరగలీ, పెరట్లో బట్టలుతికే బండా ఆటోలో తెచ్చి కుడిపక్కన కూర్చోబెట్టాను. నీళ్ళు మధ్యకొచ్చాయి.

ఇక అడుగు గది సంగతి. మనం నడిచే నేల కింద, పడవ తేలడానికి, గాలి చొరకుండా మూసేసిన గదులుంటాయి. వెనకపక్క గది నిలువెత్తు లోతు. దానికి మనిషి పట్టేంత గుండ్రటి మూత, చుట్టూ బోల్టులు. వానలకి ముందే అప్పలరాజు దాన్ని మంచినీళ్ళతో కడిగాడు. వెంటనే రంగు వేసేస్తానన్నాడు. వద్దన్నది నేనే. ఉన్న రంగుడబ్బాలు పైన గోడలకి వాడమన్నాను. కంటికి కనబడని చోటికి రంగు తర్వాత చూసుకోవచ్చన్నాను. తెరిచి ఉంచితే ఇంకా రెక్కలు లేని కిటికీల్లోంచి వాన పడి తుప్పు పడుతుందని, మూతకి గ్రీజు రాయించి, బోల్టులు దగ్గరుండి బిగింపించాను. నాలుగు నెలలు అది అలాగే ఉంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే అబద్ధం అవుతుంది.

కార్తీకంలో పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టుకున్నాం. నాలుగు రోజుల ముందు, ఆ ఒక్క గదికీ రంగు వేసేస్తే పని అయిపోతుందని అప్పలరాజు మూత విప్పాడు. పొద్దున పది గంటలు. మంచి ఎండ. పైడి పడవలోనే వంటగట్టు దగ్గర బియ్యం ఏరుకుంటోంది. బిడ్డ పైకప్పు కమ్మీకి కట్టిన ఉయ్యాలలో నిద్రపోతోంది. అడుగున బెత్తెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి. బకెట్టుకి కొబ్బరితాడు కట్టి దించి, ఏమాత్రం వస్తాయో చూడమని నాకు చెప్పి, వాడు తుప్పు గీకే బ్రష్షు కోసం ఒడ్డుకి వెళ్ళాడు.

బకెట్టు అడుగున కూర్చుంది. పక్కకి వంచుదామని తాడు కాస్త సడలించాను.

అప్పుడు తాడు కిందికి లాగింది. ఒకసారి. కాస్త ఆగి రెండోసారి. అంతే ఆగి మూడోసారి.

దేనికో తట్టుకుంటే తాడు ఒక్క ఊపున బిగుస్తుంది. అది నాకు తెలుసు. ఇది అలా కాదు. అటుపక్క పిడికిలి ఉన్నట్టు లాగింది. నా అరచేతిలోంచి బెత్తెడు తాడు కిందికి జారింది. వంగి చూశాను. బకెట్టు కూర్చున్నచోటే ఉంది. నీళ్ళు కదల్లేదు. లోపల ఎవరూ లేరు, ఉండడానికి వీలూ లేదు.

మా ఇంటాయన నూతులు తవ్వేవాడు. మెట్ట ఊళ్ళలో ఆయన దిగని నుయ్యి లేదు. పైన తాడు పట్టడానికి ఇంకో మనిషికి కూలి దండగని ముప్పై ఏళ్ళు నేనే పట్టాను. ఒకసారి లాగితే గంప దించు. రెండుసార్లు లాగితే మట్టి పైకి తియ్యి. మూడుసార్లు లాగితే నన్ను పైకి లాగు, ఎందుకని అడక్కు. ఆయన నూతిలో పోలేదు. ఎనిమిదేళ్ళ కిందట మంచం మీద, నా చేతి గంజి తాగి పోయాడు. ఆ లాగుడు ఆయనదేనని నేను చెప్పడం లేదు. అదే వరసలో, అంతే వ్యవధితో వచ్చిందని మాత్రం చెబుతున్నాను.

అప్పలరాజు బ్రష్షుతో వచ్చి, మూత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించేశాడు. నేను తాడు వదిలేసి రెండు చేతులతో వాడి జుట్టు పట్టుకున్నాను.

"జుట్టొదులు అమ్మమ్మా. ఏటిది?"

"నువ్వు కాళ్ళు తియ్యి. నాను సెయ్యి తీస్తాను."

పైడి పరిగెత్తుకొచ్చింది. "నీకేటైనాదే అమ్మమ్మా? ఆడి నెత్తి ఊడొస్తాది, వదులు."

తాడు సంగతి చెబితే నవ్వుతారు. నా మనవరాలిని నేనెరగనా. "దీపం దించకుండా మనిషి దిగకూడదు" అన్నాను.

"దీపమేటి? ఇదేమైనా నుయ్యా?" అన్నాడు వాడు.

"మూత ఉన్నాది, లోతు ఉన్నాది, అడుగున నీళ్ళున్నాయి. నుయ్యి కాక మరేటి?"

మా ఇంట్లో ఎవరూ పాత నూతిలోకి దీపం దించకుండా దిగరు. దీపం ఆరిన చోట మనిషికీ ఊపిరి ఆడదు. నాలుగు నెలలుగా ఆ మూత మీదుగా నడుస్తున్నా, అది నుయ్యేనని ఒక్కరికీ తోచలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది, ఉయ్యాల ఊగుతోంది, కిటికీకి తెర ఉంది. అలాంటి ఇంట్లో నుయ్యి ఉంటుందని ఎవరనుకుంటారు. ఓడల దగ్గర గాలి చూసేవాడు వేరే ఉండేవాడట. వాడు చూసి సరేనంటే వీళ్ళు దిగేవాళ్ళట. పైగా ఇందులో నూనె లేదు, గ్యాసు లేదు, కడిగిన గదేగా అని మావాడి ధీమా.

నా మాట తీసెయ్యలేక పాలడబ్బాలో కొవ్వొత్తి నిలబెట్టి దించాడు. చుట్ట అలవాటు కాబట్టి అగ్గిపెట్టె నా రొంటినే ఉంది. అంచు దాటి మూరెడు దిగేసరికి మంట చిన్నదైపోయింది. ఇంకో మూరకి ఆరిపోయింది. పైకి తీసి వెలిగించి మళ్ళీ దించాడు. అక్కడే ఆరింది. మూడోసారీ అక్కడే.

అప్పలరాజు వెనక్కి జరిగి గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. పైడి ఉయ్యాల దగ్గరికి వెళ్ళి నిద్రపోతున్న బిడ్డని ఎత్తుకుని, తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. ఏరుతున్న బియ్యం నేలంతా ఒలికి ఉన్నాయి. ఆ రోజు నేను దేనికీ తిట్టలేదు.

రెండు రోజులు గాలి కొట్టే మోటారు పెట్టాం. కొవ్వొత్తి అడుగుదాకా వెలిగాక, నడుముకి తాడు కట్టుకుని దిగి రంగు వేశాడు. తాడు రెండో కొస నేనే పట్టుకున్నాను. అనుకున్న రోజునే పాలు పొంగాయి.

తర్వాత తాడు సంగతి చెప్పాను. పైడి నవ్వలేదు. అలకి పడవ కదిలి, తాడు అంచుకి రాసుకుని ఉంటుందని అప్పలరాజు అన్నాడు. అదే ఆటుపోటు వేళ చూసుకుని, అదే బకెట్టు, అదే తాడు, అదే చోట ఆరుసార్లు దించి చూశాం. రాసుకోలేదు, లాగలేదు. నరసన్నపేటలో సైన్సు చెప్పి రిటైరైన మేష్టారిని అడిగాను. మూసిన గదిలో తడి ఇనుము తుప్పు పడుతూ గాలిలో ప్రాణవాయువుని తినేస్తుందని, దిగినవాడు అరవడానికైనా వ్యవధి ఉండదని చెప్పారు. కొవ్వొత్తి ఎందుకు ఆరిందో తెలిసింది. తాడెందుకు లాగిందని అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నా మనసులో ముల్లు వేరే ఉంది. మూడుసార్లు లాగితే పైకి లాగమని అర్థం. ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా నేను ఆలస్యం చేయలేదు. ఆ రోజు మాత్రం పైకి లాగకుండా తాడు వదిలేశాను. అప్పలరాజు జుట్టుకి నా రెండు చేతులూ కావలసి వచ్చాయి.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, తల్లీబిడ్డా నిద్రపోయాక, మూత తీయించి ఖాళీ బకెట్టు దించాను. అడుగున ఆనేదాకా దించి, కాసేపు ఉంచాను. ఏమీ లాగలేదు. అయినా మనిషిని లాగినట్టే, ఆగకుండా, చేయి మార్చి చేయి వేస్తూ పైదాకా లాగాను. ఖాళీ బకెట్టే వచ్చింది. మామూలు బరువే ఉంది. దాన్ని అంచు మీద పెట్టి, ఊపిరి తీసుకుని, తాడు చుట్టాను.

"ఏటి సేస్తన్నావు అమ్మమ్మా?" అని అప్పలరాజు అడిగాడు. ఏమీ లేదన్నాను. ఇప్పుడు మీరు అడిగినా నాకు తెలిసింది అంతే.