షవర్‌కు కట్టిన వావిలాకు మూట

మా వదిన పోయిందన్న కబురు వచ్చేసరికి నా ముక్కు రెండువైపులా బిగుసుకుపోయి ఉంది. పోయిన మనిషి గురించి ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. కానీ ఈ ముక్కును పక్కన పెట్టి ఆమె గురించి రాయడం నాకు చేతకావడం లేదు.

తెల్లవారగానే మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, అమ్మ లేదత్తా. నిద్రలోనే పోయింది." నేను "ఎప్పుడు నాయనా" అన్నాను. అది నా చెవికే ఏడుపులా వినిపించింది. "ఏడవబాక అత్తా, నువ్వే ఇట్టయిపోతే మేమెట్టా తట్టుకునేది" అన్నాడు. నేను ఏడవడం లేదు. జలుబు. తల్లి పోయినవాడికి నా జలుబు సంగతి ఏం చెబుతానులే అని ఊరుకున్నాను.

వదిన మా ఆయనకు అక్క. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్ళో రెండు వీధుల అవతల ఇల్లు. ఆమె ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పింది, నేను హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఇద్దరం పంతులమ్మలం కాబట్టి ఒకరి మాట ఒకరు వినే అలవాటు ఎన్నడూ లేదు.

కార్తీకంలో ముసురు పట్టి సముద్రం మీది గాలి చల్లబడగానే ఊళ్ళో ముక్కులన్నిటికీ తనదే పూచీ అన్నట్టు వదిన బయల్దేరేది. కాలవ గట్టు మీద వావిలాకు కోసుకుని, రొయ్యల గుంటల పక్కనుంచి సంచి ఊపుకుంటూ వచ్చేది. వాకిట్లో కాగు పెట్టి వావిలాకు, జామాయిల్ ఆకు, గుప్పెడు వాము, దంచిన పసుపుకొమ్ము వేసి మరిగించేది. ఆ నీళ్ళు నా స్నానాల గదిలోకి చేరవేసి, బయట తలుపు దగ్గర నిలబడేది.

"పీలుస్తుండావా?"

"ఆఁ."

"మాట్లాడబాక. పీల్చు."

"నువ్వే కదా వదినా అడిగింది?"

"అడిగితే చెప్పాల్నా?"

మా అబ్బాయి గీజరూ షవరూ పెట్టించాక ఈ వైద్యం ముగిసిందనుకున్నాను. వదిన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా షవర్‌ను కిందినుంచి పైకి చూసింది. "ఏంది మరదలా, ఇంట్లోనే వాన కురిపిస్తుండారే. దీంట్లో ముక్కెక్కడ పెడతావు?" అంది. వారం తిరగకుండా జవాబు తనే తెచ్చింది. ఆకులన్నీ ఎండబెట్టి, నలిపి, వాళ్ళాయన, మా అన్నయ్యగారి పాత పంచె ముక్కలో మూటగట్టి షవర్ మెడకు వేలాడదీసింది. వేడినీళ్ళు మూట మీదుగా కారాలి. వెంటిలేటర్‌లో ఆవిరి పోకుండా పాత పేపరు కుక్కింది.

"వెంటిలేటర్ మూయి, నోరు మూయి. ముక్కు దానంతటదే తెరుచుకుంటది."

"నోరు మూయడం కూడా వైద్యమేనా?"

"అందరికీ కాదులే. నీకు."

పోవడానికి ముందు కూడా ఫోన్‌లో నా గొంతు విని మేనల్లుడి చేత కొత్త మూట పంపించింది. నేను దాన్ని బాత్రూమ్‌లో మేకుకు తగిలించి, మెడికల్ షాపు నుంచి తెప్పించిన మందు ముక్కులో కొట్టుకున్నాను. మూట వాడితే నెమ్ము తగ్గుతుంది, ఆమె గెలుస్తుంది. రెండోది నాకు ఇష్టం లేదు.

ఆ ముక్కుతోనే వెళ్ళి శవం పక్కన కూర్చున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో తువ్వాలు తడిసి ఉంది. నోటితో ఊపిరి తీస్తుంటే అది వెక్కిళ్ళలా ఉంది. పక్కింటామె అందరికీ వినబడేలా అంది: "వదినామరదళ్ళంటే ఇట్టుండాల. ఎంత కుమిలిపోతుండాదో చూడండి." ఎవరెవరో వచ్చి వీపు నిమిరారు. నేను తల వంచుకున్నాను. దాచడం ఎందుకు, ఆ నిమరడం నాకు బాగానే ఉంది.

వదిన కూతురు సూళ్లూరుపేట నుంచి వచ్చింది. కంట తడి లేదు. పూలవాళ్ళతో మాట్లాడుతూ, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయిస్తూ తిరుగుతోంది. ఈ పిల్లకు ఏడుపైనా రాదా అనుకున్నాను. అలా అనుకున్నది ఏడవని నేను. కాసేపటికి ఆ పిల్లే వచ్చి స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. "తాగత్తా." మిరియాల కషాయం. శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక పక్కింట్లో కాయించి తెచ్చింది. ఏడ్చి ఏడ్చి నా గొంతు పోయిందని జాలిపడింది కాబోలు అనుకుని తాగాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు మూయమని వదిన చెప్పిన మాట ఇన్నేళ్ళలో నేను పాటించింది ఆ ఒక్క రోజే, అదీ పాటించకూడని చోట.

ఇంటికి వచ్చి తలస్నానం చేయాలి. చావుకు వెళ్ళొచ్చిన మైల వదిలించుకోవాలి కదా. గీజరు వేసి, చన్నీళ్ళు కలిపి సరిచూసుకుంటుంటే మేకు మీద మూట కనబడింది. ఆమె మైల కడుక్కోవడానికి ఆమె కట్టిన మూటే. షవర్‌కు కట్టాను. వెంటిలేటర్‌లో పేపరు కుక్కాను. ముందు ఏ వాసనా తెలియలేదు. తర్వాత ఎడమవైపు తెరుచుకుంది, వావిలాకు ఘాటు తగిలింది. దాని వెనకే పాత పంచెలో ఆమె ట్రంకుపెట్టె వాసన. నీళ్ళు ఆపేశాక కూడా అక్కడే నిలబడ్డాను. తలుపు అవతల నుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దకర్మ రోజుకు నా గొంతు శుభ్రంగా ఉంది. "అత్త కాస్త కుదుటపడింది" అని మేనల్లుడు ఎవరితోనో అంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. మేనకోడలు వెనకవైపు కూర్చుని విస్తరాకులు తుడుస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మాయ్, ఆరోజు నేను ఏడవలేదే. నాకు జలుబు."

ఆమె ఆకు మీంచి తల ఎత్తలేదు. "తెలుసత్తా."

"ఎట్టా తెలుసు?"

"ముందు రోజు అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ అత్తకి ముక్కు దిబ్బడేసింది, మూట పంపించినా గానీ వాడుండదు, పొగరు, నువ్వొచ్చినప్పుడు కషాయమన్నా దగ్గరుండి తాగించు అని. అందుకే గదా తెచ్చిచ్చినా."

"మరి వాళ్ళంతా అట్టా అంటుంటే చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పేది అత్తా. అమ్మకైతే చెప్పుండేదాన్ని. పడీపడీ నవ్వుండేది."

ఆ మాటతో ఆ పిల్ల చేతిలో గుడ్డ ఆగిపోయింది. అంతవరకు ఎవరి ముందూ ఏడవనిది, విస్తరాకు మీద టపటపా కన్నీళ్ళు రాల్చింది. ఆరోజు నా చేతిలో తువ్వాలు ఉంది, ఈరోజు లేదు. నా కొంగు ఇచ్చాను.

ఒక మూట రెండు స్నానాలకు వస్తుందని మా లెక్కల పంతులమ్మ లెక్క. ఇంకో స్నానం మిగిలే ఉంది. నాకిప్పుడు జలుబు లేదు. ఆ మూట తడవకుండా కింద బకెట్టు పెట్టుకుని పోసుకుంటున్నాను. గోడలకు చెమ్మ పడుతోంది, ఆ పేపరు తీసెయ్యమ్మా అని మా అబ్బాయి రోజూ సణుగుతాడు. నేను ఇంకా తియ్యలేదు. షవర్ మెడకు మూట ఎండి, బిగుసుకుపోయి, వేలాడుతోంది.